పొన్నమ్మ చేసిన పూల కాగితం

పిల్లలూ, నేనింతవరకూ ఏదీ రాసింది లేదు. నోటితో చెప్పడమే తప్ప, కాగితం మీద కథ పెట్టడం ఇదే మొదలు. చెప్పినట్టే రాస్తున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

అనగనగా ఒక కోన. చుట్టూ గుండ్రాళ్ళు, మధ్యలో సన్నగా పారే వాగు. ఆ కోనలో పొన్నమ్మ అనే ముంగిస ఉండేది.

పొన్నమ్మకు పామంటే లెక్క లేదు. ఎంతటి నాగుపామైనా సరే, ఎదురు నిలిచి పోట్లాడేది. కానీ నలుగురు కూర్చున్నచోట నోరు విప్పమంటే మాత్రం కాళ్ళు వణికేవి. నీళ్ళకు వెళ్ళినా, వాగు దగ్గర అందరూ వెళ్ళిపోయేదాకా పొదచాటున నిలబడేది. అందుకే కోనలో చాలామందికి పొన్నమ్మ అనే ముంగిస ఒకటుందనే తెలియదు.

తెలిసింది కొండవ్వకే. కొండవ్వ ఒక ముసలి కొండముచ్చు. కోనలో ఎవరికి నొప్పులొచ్చినా ఆవిడే మంత్రసాని. వానాకాలంలో పొన్నమ్మకు పురుడు పోసింది కూడా ఆవిడే. పిల్ల అడ్డం తిరిగితే పక్కనుంచి కదలకుండా కూర్చుని, పిల్లల్నీ తల్లినీ బతికించింది.

"ఏమిచ్చి నీ రుణం తీర్చుకోను అవ్వా?" అంది పొన్నమ్మ, నీరసంగా.

"నా ఎదురుగా నోరు తెరిచి ఒక మాటన్నావు. ఇంకేమివ్వాలే పిల్లా" అని నవ్వింది కొండవ్వ.

కానీ పొన్నమ్మ మనసు ఊరుకోలేదు. కొండవ్వకు వయసైపోయింది. వీపు మీద బొచ్చంతా రాలిపోయి, తోలు బయటపడింది. ఉండేది రాతి చరియ కింద. వచ్చేది చలికాలం. 'అవ్వకు ఒక బొంత కుట్టి ఇవ్వాలి' అనుకుంది పొన్నమ్మ. గొర్రెలకాపరి పారేసిన పాత పంచె ముక్క తెచ్చింది. బూరుగు చెట్ల కింద రాలిన దూది ఏరింది. పిల్లలు నిద్రపోయినప్పుడల్లా కూర్చుని కుట్టింది. మెత్తగా, వెచ్చగా, దాంట్లో తలపెడితే లేవబుద్ధి కాని బొంత తయారైంది.

ఆ కోనలో ఒక ఆచారం ఉంది. ఎవరికేమిచ్చినా పొట్లం కట్టి ఇవ్వాలి. లోపల ఏముందో ఇచ్చినవాళ్ళు చెప్పకూడదు. విప్పమని తొందరపెట్టకూడదు. తీసుకున్నవాళ్ళు తమకు బుద్ధిపుట్టినప్పుడు విప్పుకుంటారు. అందరూ టేకాకులో చుట్టి, నారతో కట్టి ఇచ్చేవాళ్ళు. ఆకు రెండు రోజులకే వాడిపోయేది కాబట్టి, ఎవరూ దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళు కాదు.

పొన్నమ్మకు టేకాకు నచ్చలేదు. అవ్వకిచ్చేది ఆకులో చుట్టి ఇవ్వడమా?

కందిరీగలు ఎండుకట్టెను నమిలి, పలచని పొరలు పొరలుగా గూడు కడతాయి. అవి వదిలేసిపోయిన గూళ్ళను పొన్నమ్మ ఏరుకొచ్చింది. నానబెట్టి, రాతి మీద మెత్తగా దంచింది. కొంచెం తుమ్మబంక కలిపి, చదునైన బండ మీద అట్టుపోసినట్టు పలచగా పరిచింది. ఎండాక అంచు పట్టి లాగితే కాగితం లేచి వచ్చింది. మొదటిది మధ్యకు చిరిగింది. రెండోది గాలికి ఎగిరి వాగులో పడింది. మూడోది చక్కగా వచ్చింది. ఆ చేత్తోనే ఇంకొకటి కూడా చేసి పెట్టుకుంది.

తర్వాత రంగులు. బచ్చలి పళ్ళు పిండితే ఊదారంగు వచ్చింది. ఎండిన మోదుగ పూలు ఉడకబెడితే నారింజరంగు దిగింది. అడవి బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి కాగితం మీద అద్దితే, అయిదు రేకుల పువ్వు అచ్చుపడింది. పువ్వు పక్కన పువ్వు, వరస కింద వరస. చివరికి తన తోక కొసను పసుపులో ముంచి, పువ్వుకూ పువ్వుకూ మధ్య తీగలు గీసింది. తోక పసుపుపచ్చగా ఉండిపోయింది. పిల్లలు దాన్ని పట్టుకుని ఒకటే ఆట.

బొంతను మడిచి, ఆ కాగితంలో చుట్టి, అంచులు తుమ్మబంకతో అంటించి, పొన్నమ్మ కొండవ్వ దగ్గరికి తీసుకెళ్ళింది.

కొండవ్వ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పూల మీద వేలు పెట్టి రాసింది.

"ఇది నువ్వు చేశావా?"

పొన్నమ్మ తలూపింది.

"నీ చేతిలో ఇంత పనుందని ఎవరనుకున్నారే! దీన్ని చింపడానికి నాకు చేతులెట్లా వస్తాయి?" అంటూ కొండవ్వ పొట్లాన్ని రాతి అరుగు మీద పెట్టింది. అందరికీ కనబడేటట్టు పెట్టింది.

'విప్పి చూడవ్వా' అనే మాట పొన్నమ్మ నాలుక కొసదాకా వచ్చింది. అంతలో గొరవంక వచ్చి వాలింది. గొరవంక నోట్లో పడ్డ మాట కోనంతా తిరిగొస్తుందని పేరు.

"అబ్బా, ఏం పూలు వదినా ఇవి. వాసన రావడం ఒక్కటే తక్కువ" అంది గొరవంక.

పొన్నమ్మను ఎవరైనా వదినా అని పిలవడం అదే మొదటిసారి. ఒళ్ళంతా ఒకరకంగా అయింది. చెప్పవలసిన మాట గొంతులోనే ఆగిపోయింది. 'రేపు అవ్వే విప్పుకుంటుందిలే' అనుకుని ఇంటికి వెళ్ళింది.

మర్నాడు కొండవ్వ విప్పలేదు. ఆ మర్నాడూ విప్పలేదు. కానీ కోనంతా కదిలి వచ్చింది. కుందేళ్ళొచ్చాయి, జింకలొచ్చాయి, ఎప్పుడూ కొమ్మ దిగని దేవాంగపిల్లి కూడా దిగొచ్చింది. "ఇదేనా కాగితం?" "ఈవిడేనా పొన్నమ్మ?" అని చూశాయి. పొన్నమ్మ వాగుకు వెళ్తే జింకలు పక్కకు జరిగి దారిచ్చాయి. పొదచాటున నిలబడవలసిన పని లేకపోయింది.

అప్పుడే చలిగాలి మొదలైంది. పొద్దునపూట రాళ్ళ మీద మంచు తడి మెరిసేది. పొన్నమ్మ రెండోసారి వెళ్ళేసరికి కొండవ్వ చరియ అంచున ముడుచుకుని కూర్చుంది. మంచు నీళ్ళు ఒక్కొక్క చుక్కే ఆవిడ భుజం మీద పడుతున్నాయి.

"లోపల పొడిగా ఉంటుంది కదా అవ్వా, ఇక్కడ కూర్చున్నావేం?"

"అక్కడ నీ పొట్లం పెట్టానే. అరుగు మీద ఉంటే మంచుకు రంగు కారిపోదూ?"

పొన్నమ్మ లోపలికి తొంగిచూసింది. చరియలో వెచ్చటి మూల ఒక్కటే ఉంది. ఆ మూలలో పొట్లం దర్జాగా కూర్చుంది. అవ్వ బయట వణుకుతోంది.

ముళ్ళపంది బావ అక్కడే దుంప తవ్వుకుంటున్నాడు. ఆయనది మొరటు మాట. "ఏమ్మా పొన్నమ్మా, లోపలేముందో నీకు తెలుసు కదా. పండైతే కుళ్ళిపోతుంది, గింజైతే పురుగు పడుతుంది. అవ్వ అది చూసుకోదు. నువ్వైనా చూసుకోవాలి కదా" అన్నాడు.

"చెప్పకూడదు కదా బావా. ఆచారం" అంది పొన్నమ్మ, నేల చూస్తూ.

"ఆచారమే" అని ముళ్ళపంది మళ్ళీ తవ్వుకోవడంలో పడ్డాడు.

పొన్నమ్మ ఇంటికి పోతూ దారంతా అదే మాట అనుకుంది. ఆచారం కదా, ఆచారం కదా. కానీ లోపలెక్కడో ఇంకొక మాట గుచ్చుతూనే ఉంది. కాగితం చిరిగిపోతే ఎవరొచ్చి చూస్తారు? వదినా అని ఎవరు పిలుస్తారు? మళ్ళీ పొదచాటునే కదా నిలబడాలి.

మూడోసారి వెళ్ళేసరికి చరియ ముందు గుంపుగా ఉంది. పక్క కోన నుంచి చుట్టాలొచ్చారని గొరవంక వాళ్ళను పిలుచుకొచ్చి పొట్లం చూపిస్తోంది. "దగ్గరికి రండి, ముట్టుకోకండి. ఇదిగో, ఈవిడే మా వదిన" అని పొన్నమ్మను ముందుకు తోసింది.

కొండవ్వ గోడకు ఆనుకుని ఉంది. దగ్గు ఆగడం లేదు. పెదవులు ఎండి పగిలాయి. ఎన్ని పురుళ్ళు పోసిన చేతులో, ఇప్పుడు చెంబెడు నీళ్ళు కూడా పట్టలేక వణుకుతున్నాయి.

"అవ్వా" అంటూ పొన్నమ్మ ఆ చేతులు పట్టుకుంది. మంచుగడ్డల్లా ఉన్నాయి.

"భయపడకే. చలి ఎక్కువైనప్పుడల్లా నీ పూల వంక చూస్తాను. ఒళ్ళు కాస్త వెచ్చబడ్డట్టుంటుంది" అంది కొండవ్వ.

పొన్నమ్మ అవ్వ చేతులు వదిలి పొట్లం వైపు తిరిగింది.

"చింపవ్వా" అంది.

గొంతు ఎవరికీ వినబడలేదు. గుంపంతా ఆమె వంకే చూస్తోంది. ఒక అడుగు ముందుకేసింది. ఇంకోసారి నోరు తెరిచింది.

"చింపెయ్యవ్వా. కాగితం చింపెయ్యి."

"అదేం మాట వదినా? ఇచ్చినవాళ్ళు విప్పమనకూడదు. ఆ మాత్రం తెలియదా?" అంది గొరవంక.

"తెలుసు" అంది పొన్నమ్మ. "తెలిసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. లోపలున్నది బొంత."

అంతే. పాము మీదికి దూకినట్టు పొట్లం మీదికి దూకింది. పళ్ళతో ఒక్క లాగు లాగింది. కాగితం పరపర చిరిగింది. బెండపూలు రెండుగా చీలాయి. బొంత విచ్చుకుని బయటపడింది. పొన్నమ్మ దాన్ని కొండవ్వ వీపు మీద కప్పి, మెడదాకా లాగి, ఇటూ అటూ దోపింది. తర్వాత వెచ్చటి మూలలోకి జరిపి కూర్చోబెట్టింది.

 చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లగా జారుకున్నారు.

చాలాసేపటికి కొండవ్వ వణుకు తగ్గింది. బొంతలో నుంచి మొహం మాత్రం బయటపెట్టి అంది: "ఇందులో బొంత ఉందా పిల్లా? నాకు కానుక ఇచ్చావనుకోలేదే. కాపలా ఉద్యోగం ఇచ్చావనుకున్నాను."

పక్కనే దుంప తవ్వుకుంటున్న ముళ్ళపంది బావ ఫక్కున నవ్వాడు. పొన్నమ్మకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మొదటిరోజే చెప్పవలసింది అవ్వా. అందరూ బాగుంది బాగుంది అంటుంటే నోరు రాలేదు. ఆచారం పేరు చెప్పుకుని తప్పుకున్నాను."

"నాదీ ఉందిలే అందులో. ప్రేమగా ఇచ్చినదాన్ని దాచుకోవడమే మర్యాద అనుకున్నాను. వాడుకోవడం కూడా మర్యాదేనని ఈ వయసులో తెలిసింది" అంది కొండవ్వ. మళ్ళీ బొంత అంచు తడిమి చూసి, "బొంత బాగా కుట్టావు. దీన్ని ఎవరూ మెచ్చుకోలేదు చూడు" అంది.

మర్నాడు పొద్దున్నే పొన్నమ్మ చరియ ముందు మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వేసింది. చిరిగిన కాగితం ముక్కలన్నీ ఏరి పొయ్యిలో పెట్టింది. పూలు ఒక్కొక్కటే అంటుకున్నాయి. ఒక్క క్షణం చూసింది, అంతే. వాటి మీద పుల్లలు పేర్చి, అవ్వకు మిరియాల కషాయం పెట్టింది.

గొరవంక వచ్చి కొంచెం దూరంగా వాలింది. కాసేపు ముక్కు రెక్కలో దూర్చుకుంది. "వదినా, మా చెల్లెలి పిల్లలకు రేగుపళ్ళు పంపాలి. అట్లాంటి కాగితం ఇంకొకటి ఉందా?" అంది.

"ఉంది" అని పొన్నమ్మ అప్పుడు చేసి పెట్టుకున్న ఇంకో కాగితం తెచ్చింది. రేగుపళ్ళు పోసి పొట్లం కట్టింది. కట్టాక పొట్లం మూలను పళ్ళతో పట్టి కొంచెం చింపింది. లోపలి ఎర్రటి పండు బయటికి తొంగిచూసింది.

"అయ్యో, పాడుచేశావే వదినా" అంది గొరవంక.

"పాడుచెయ్యలేదు వదినా. మొదటి చింపు నేనే చింపి ఇస్తున్నాను. రెండోది చింపడానికి వాళ్ళకు చెయ్యి వస్తుంది" అంది పొన్నమ్మ. ఆ మాట పొదచాటు నుంచి కాదు, వాగు ఒడ్డున నీళ్ళు తాగేవాళ్ళందరికీ వినబడేటట్టే అంది. పొట్లం గొరవంక కాళ్ళకు తగిలించి, కషాయం పొంగకుండా చూసుకోవడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

నీతి: పై కాగితం ఎంత అందంగా ఉన్నా, లోపలిది అక్కరకు వచ్చిననాడే అది కానుక; మెచ్చుకోలు కోసం చెప్పవలసిన మాటను మింగకండి.