గొంతు పక్కన కాపలా

జపానికి కూర్చుంటే చెన్నప్ప నాడి ఆగిపోతుందని కొండ కింది ఊళ్లన్నిటికీ తెలుసు. మొదట కనిపెట్టింది క్షవరం చేసే ఓబులేసు. కాస్త పుణ్యం అంటుతుందేమోనని జపంలో ఉన్న మనిషి ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. అక్కడ ఏమీ కొట్టుకోవడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఓబులేసు ఒట్టు వేశాడు కాబట్టి పొద్దు గుంకేలోపు అందరికీ తెలిసిపోయింది.

చెన్నప్పది మోసం కాదు. మఠంలో చేరినప్పటినుంచీ ఎడమ చంక కింద యోగదండం ఆనించి, బరువంతా దానిమీద వాల్చి జపం చేసేవాడు. కాసేపటికి కుడిచేత్తో తానే మణికట్టు చూసుకునేవాడు. నాడి ఉండేది కాదు. గుండె తన మాట వింటోందని నమ్మాడు. ఆ నమ్మకంతోనే, మూడు రోజులు సమాధిలో పూడ్చినా బతికి లేస్తానని ఊరికి మాట ఇచ్చేశాడు.

ఊరు చాలా భక్తిగా గొయ్యి తవ్వింది. సర్పంచి సుబ్బరత్నమ్మ కొలత కోసం చెన్నప్పను అందులో ఒకసారి పడుకోమంది కూడా. "కాళ్లు ముడుచుకోవాలి నాయనా, ఇక్కడ బండ తగిలింది" అని నొచ్చుకుంది.

ముందురోజు సాయంత్రం గురువు నాగలింగస్వామి వచ్చి గోతి అంచున నిలబడ్డాడు. వారానికి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

"పొద్దున్నే మూసేస్తారు స్వామీ. దీవించండి" అన్నాడు చెన్నప్ప.

"దిగు. నేనూ వస్తా."

దిగారు. తడి మట్టి వాసన. పైనున్న జనం మాటలు కోసేసినట్టు ఆగిపోయాయి. చెన్నప్ప దండం మీద వాలి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఎడమచేయి చాచాడు.

"చూడండి స్వామీ. ఆగిపోయింది."

గురువు ఆ చేయి ముట్టుకోలేదు. శిష్యుడి కుడిచేతి వేళ్లు తీసుకుని అతని దవడ కింద, గొంతు పక్కన పెట్టాడు.

అక్కడ దడదడ కొట్టుకుంటోంది.

చెన్నప్ప ఉలిక్కిపడ్డాడు. దండం జారింది. మొద్దుబారిన చేతిలోకి నాడి చీమలబారులా పాకుతూ తిరిగొచ్చింది.

"దండం చంకలో రక్తనాళాన్ని నొక్కింది. చేతికి దారి మూసుకుంది. గుండెకు ఆ సంగతే తెలియదు" అన్నాడు గురువు.

"మరి ఇన్నాళ్లూ నేను..."

గురువు ఆ మాట పూర్తి కానివ్వలేదు. అదే చోట తన రెండు వేళ్లు పెట్టి నొక్కాడు. పెద్దగా కాదు. మామిడిపండు మగ్గిందా అని చూసినంత.

గుండె ఒకసారి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకోవాల్సిన వేళకు కొట్టుకోలేదు.

చెన్నప్ప ఎదురుచూశాడు. పైన గోతి నోరు చిన్నదైపోతోంది. కొట్టుకో అన్నాడు లోపల్లోపల. జపబలమంతా పెట్టి అన్నాడు. ఎవరూ వినలేదు.

కళ్లు తెరిచేసరికి మట్టిలో పడి ఉన్నాడు. పాదాలు గురువు ఒళ్లో ఉన్నాయి.

"ఆపింది మీరా?"

"నేను వేలు పెట్టానంతే. అక్కడి నాళం కాపలా ఉంటుంది. లోపల రక్తం ఎంత ఒత్తుతోందో పసిగడుతూ ఉంటుంది. నా వేలిని రక్తం పోటు అనుకుంది. గుండెను నెమ్మదింపజేసింది, ఒంట్లో నాళాలను వదులు చేసింది."

"నన్ను అడక్కుండానే?"

గురువు నవ్వలేదు. "లే."

చెన్నప్ప దిగ్గున లేచాడు. కళ్లు చీకట్లు కమ్మాయి. మట్టిగోడ పట్టుకున్నాడు. అంతలో గుండె పరుగందుకుంది. అరికాళ్లు చల్లబడ్డాయి. కాళ్లలో నాళాలను ఎవరో బిగించి రక్తాన్ని తలకు తోస్తున్నట్టు అనిపించింది. చీకటి విడిపోయింది. అతను ఏమీ చేయలేదు.

"ఇప్పుడు నిలబెట్టిందెవరు?" అన్నాడు గురువు.

చెన్నప్ప గొంతు పక్కన చేయి పెట్టుకుని, తాళం వేసిన తన ఇంట్లో ఇంకెవరో నడుస్తున్న చప్పుడు విన్నవాడిలా నిలబడిపోయాడు.

మర్నాడు ఊరు డప్పులతో వచ్చేసరికి గోతిలో యోగదండం పడుకుని ఉంది. చెన్నప్ప దానిమీద మట్టి పోస్తున్నాడు. ఇంత కొలిచి తవ్వించిందంతా కర్రముక్క పాలైందని సుబ్బరత్నమ్మ చాలాకాలం బాధపడింది.

ఆ తర్వాత చెన్నప్ప ఎప్పుడూ దిగ్గున లేవలేదు. ముందు లేచి కూర్చునేవాడు. తల వంచుకుని, లోపలెవరో సరే అనేదాకా ఆగేవాడు. అప్పుడు నిలబడేవాడు.