చివరి సాలు

ఎండలు ముదిరి మబ్బులు తొంగిచూసే రోజుల్లో, లంక పొలంలో లిల్లీ దుంపలు తవ్వడానికి మెట్ట నుంచి పందికొక్కులు వలస వచ్చాయి. మేస్త్రీ నక్క. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. పిల్లలు కాళ్లకి అడ్డం పడతారని, తన కొట్టంలో నీడపట్టున ఉంటారని తీసుకెళ్లి గడియ పెట్టాడు. తవ్వకం పూర్తయ్యాక ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకెళ్లొచ్చన్నాడు.

ఆ గుంపులోని పోలమ్మకి ముగ్గురు పిల్లలు. ఇంక ఒక్క సాలే మిగిలిందనగా, దుంపల పొట్టు కొట్టం వెనక ఎత్తిపోస్తుంటే, అక్కడి పాత పొట్టులో వేలెడంత పుర్రె దొరికింది. పందికొక్కు పిల్లదే! నిరుడు వచ్చిన గంగమ్మ ఒంటరిగా తిరిగెళ్లింది. పిల్లల్ని పాము ఎత్తుకుపోయిందని మేస్త్రీ చెబితే, పిచ్చిది నమ్మింది. చివరి దుంప పైకి వచ్చిందంటే తన పిల్లలకీ అదే గతి. పుర్రెను పొట్టులోనే కప్పెట్టి నోరు మూసుకుంది. రాత్రికి తనవాళ్ల చెవిలో మాత్రం వేసింది.

తెల్లారి అందరూ చివరి సాలు దగ్గర చేతులు కట్టుకు కూర్చున్నారు.

"ఏమ్మా, వాన ముంచుకొస్తుంటే కూర్చున్నారేం?" అన్నాడు నక్క.

"మా ఆచారం అయ్యా. చివరి సాలు పిల్లాపాపలతో కలిసి తవ్వాలి. లేదంటే దుంప కుళ్లిపోద్ది," అంది పోలమ్మ.

నక్క మబ్బుకేసి చూశాడు. చుట్టూ ముళ్లకంచె ఉంది, ఎక్కడికి పోతార్లే అనుకుని గడియ తీశాడు. తను గట్టు మీద కూర్చుని, తవ్విపోసిన దుంపల కుప్పనే చూడసాగాడు. వాడెప్పుడూ అంతే. కుప్ప పెరుగుతుంటే చాలు, గుంతలోకి ఏనాడూ తొంగిచూసిన పాపాన పోలేదు.

గుంత లోపల పెద్దలు కంచె కిందుగా కలుగు తవ్వుతున్నారు. పిల్లలు వెనకే పాకుతున్నారు. పోలమ్మ ఒక్కతే గుంతలో నిలబడి, ఆగకుండా దుంపలు పైకి విసురుతోంది. దుంపలు అయిపోవస్తున్నాయి. నక్క లేచి రెండడుగులు వేశాడు. చివరి దుంప చేతిలో ఉండగా కలుగులోంచి చిన్నకూతురు గుసగుసలాడింది.

"అమ్మా, బయట గడ్డి తగిలింది."

పోలమ్మ దుంప విసిరేసి కలుగులో దూరింది, వెనక మన్ను పూడ్చేసింది.

నక్క గుంతలో మూతి పెడితే మన్ను తప్ప ఏమీ లేదు. అంతలో టపటపా చినుకులు. కుప్పను కొట్టంలోకి మోసే దిక్కు లేదు. తనే ఒక్కో దుంప కరుచుకుని పరిగెత్తాడు. మూడోసారి వచ్చేసరికి కుప్ప నీళ్లలో నానుతోంది. నాలుగో రోజుకి లంకంతా కంపు కొట్టింది. పోలమ్మ చెప్పిన ఆచారం అబద్ధమే గానీ, దుంప కుళ్లడం మాత్రం నిజమైంది.

పనిచేసే చేతుల్ని చూడక కుప్పనే చూసేవాడికి కడకు కుప్పా దక్కదు.