నలభై రోజుల కూడు

మౌలాలికి తన ఒళ్ళే తనకు అడ్డమని అనిపించేది. జపానికి కూర్చుంటే మోకాలు సలుపుతుంది, నిలబడితే నడుము లాగుతుంది. ఈ ఒంటిని ఒక్కసారి గెలిచేస్తే ఇక మిగిలేదంతా దేవుడేనని అతని ఆలోచన.

గుట్ట కింద దూది ఏకుతూ బతికే దస్తగిరి తాత అతని గురువు. నలభై రోజులు ఒంటరిగా గదిలో కూర్చుంటానంటే తాత కాదనలేదు. "ఐదు పూటలా లేచి నమాజు మాత్రం చెయ్యి నాయనా" అన్నాడు, అంతే. దీక్ష చక్కగా ముగిస్తే తాత తన చాప మీద ఇంత చోటిస్తాడనీ, వచ్చినవాళ్ళకు నాలుగు మంచిమాటలు చెప్పనిస్తాడనీ మౌలాలి ఆశ. మూడేళ్ళ నాటి ఆశ.

గదిలోకి పోయాక అతనికి ఇంకో బుద్ధి పుట్టింది. లేస్తే ధ్యానం చెదురుతుందని, జబ్బుపడ్డవాళ్ళలా నమాజు కూడా కూర్చునే చేశాడు. తాత భార్య జైనబ్బి కిటికీలోంచి జొన్నరొట్టె అందిస్తే సగం తిని సగం తిరిగిచ్చేవాడు. నా రొట్టె అంత చేదుగా ఉందా అని ఆమె అడిగేది. అతను కళ్ళు మూసుకుని మళ్ళీ జపంలో పడేవాడు.

నలభై ఒకటో పొద్దున తలుపు తీశారు.

"తాతా, ఒంటిని గెలిచాను" అన్నాడు మౌలాలి.

"గెలిచినోడివి, గడప దాటిరా మరి" అంది జైనబ్బి.

చటుక్కున లేచాడు. లేవడం బాగానే లేచాడు. నిలవడమే చేతకాలేదు. పది లెక్కపెట్టేలోగా తొడలు వణికి, గడప దగ్గరే కూలబడ్డాడు. పంచె తొలగింది. చూసుకుంటే ఆ కాళ్ళు తనవి కావు, ఎవరో చింతబరికెలు తెచ్చి అతికించినట్టున్నాయి. అప్పుడు భయమేసింది.

"నాకిక నడక రాదా తాతా?"

తాత లోపలికి పోయాడు. నువ్వులనూనె గోరువెచ్చగా కాచి తెచ్చుకుని అతని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. గురువు శిష్యుడి కాళ్ళు ఒత్తడం ఎక్కడైనా ఉందా అంటూ మౌలాలి సిగ్గుతో ముడుచుకుపోయాడు. తాత వినిపించుకోకుండా ఒక కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"సగం రొట్టెతో ఎట్లా బతికావురా?"

"అల్లా పోషించాడు తాతా."

"నిజమే. ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టాడు?"

తాత బొటనవేలు, దూదిలో గింజ వెతికినట్టు, పిక్క వెంబడి మెల్లగా జరిగింది. ఒకప్పుడు కండ ఉన్నచోట ఇప్పుడు పల్లం తగులుతోంది.

"పనిలేని కండను ఒళ్ళు ఊరికే ఉంచదు నాయనా. కరిగించి గుండెకు పెడుతుంది. ఓర్చి నిలబెట్టే కండే ముందు కరుగుతుంది. నువ్వు ఆయన పేరు తలుచుకుంటుంటే, ఇవి తమను తామే వండి నీకు వడ్డించాయి. నేను నీ కాళ్ళు ఒత్తడం లేదు. వీటికి సలాం చెబుతున్నా."

జైనబ్బి రొట్టె తెచ్చి చేతిలో పెట్టింది. ఈసారి సగం తిరిగిస్తే ఊరుకోనంది. మౌలాలి మొత్తం తిన్నాడు. కళ్ళనీళ్ళు రొట్టె మీద పడుతున్నా తుడుచుకోలేదు.

మధ్యాహ్నం అజాన్ వినబడింది. అతను గోడ పట్టుకుని లేచాడు. నిలవగలిగినంతసేపు నిలిచి, మెల్లగా కూర్చున్నాడు. చెయ్యి తనంతట తనే పిక్క మీదికి పోయి, పసిబిడ్డను జోకొట్టినట్టు నిమరసాగింది.

అతను చోటు అడగలేదు.

తాత తన చాప మీద కొంచెం పక్కకు జరిగాడు.