నట్టు భద్రం

తెలివిలో తమని మించినవాళ్ళు సాలూరు చుట్టుపక్కల లేరని దాలినాయుడికి, వాళ్ళమ్మ పైడమ్మకి, తమ్ముడు గైరయ్యకి గట్టి నమ్మకం. ఊళ్ళో ఇంకెవరికీ ఆ నమ్మకం లేదు. పాపం, ఊరికి తెలివి తక్కువని ముగ్గురూ జాలిపడేవాళ్ళు.

ఆ రోజు పదింటికి దాలినాయుడి పెళ్ళిచూపులు. ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మొదటి చోట "మీ ఇల్లే అనుకోండి" అంటే గైరయ్య మంచమెక్కి నిద్రపోయాడు. రెండో చోట "పిల్లని ఏమైనా అడగండి" అంటే తప్పిపోయిన తమ గేదె ఎక్కడుందని దాలినాయుడు అడిగాడు. ఈ మూడోదీ పోతే ఇక బ్రహ్మచారే.

పొద్దున్నే మెకానిక్ గున్నయ్యకి ఫోన్ చేసి, పాత కారు వేడెక్కిపోతోందని చెప్పారు.

"కూలెంటు మార్చుకోండి బాబూ. రేడియేటర్ కింద నట్టు ఇప్పి పాతది దించీండి. ఎంత దిగిందో అంత కొత్తది పొయ్యండి. నట్టు మాత్రం భద్రం, పోతే బండి కదల్దు."

అంతే. గైరయ్య నట్టు విప్పాడు. బేసిన్‌లోకి పచ్చటి నీళ్ళు దిగాయి. గ్లాసుతో కొలిచి పారబోస్తే ఇరవై. పైడమ్మ నట్టుని పసుపుగుడ్డలో మూటకట్టి, ఇనప్పెట్టెలో పెట్టి, తాళంవేసి, చెవి కొంగున ముడేసుకుంది.

ఇంకేముంది! దాలినాయుడు పై మూత తీసి ఇరవై గ్లాసుల కొత్త కూలెంటు పోశాడు. పోసింది పోసినట్టే కిందనుంచి బేసిన్‌లోకి వచ్చేసింది. కొలిచారు. ఇరవై!

"సూసావేటమ్మా? సుక్క తగ్గనేదు!" దాలినాయుడి ఛాతీ ఉప్పొంగింది.

బయల్దేరారు. సరిగ్గా ఆడపిల్లవారి గుమ్మం ముందు బానెట్‌లోంచి పొగలొచ్చి బండి ఆగిపోయింది. మళ్ళీ ఫోన్.

"బండి కాడే ఉండండి, నానొస్తన్నాను!" అని గున్నయ్య అరిచాడు.

అంతే, ఉన్నారు. పిల్ల తండ్రి లోపలికి రమ్మని ఎంత బతిమాలినా కదల్లేదు. పైడమ్మ బానెట్ మీద తడిగుడ్డ వేసి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. పది దాటింది, పదకొండూ దాటింది. చూసి చూసి పెళ్ళికూతురు కళావతే పెద్ద గ్లాసుడు మజ్జిగ తెచ్చింది.

"సల్లగుంది, పుచ్చుకోండి" అంది.

దాలినాయుడి గుండె కరిగిపోయింది. బండి బాధ ఎంత బాగా కనిపెట్టింది! మూత తీసి మజ్జిగంతా రేడియేటర్‌లో పోశాడు. కిందనుంచి తెల్లగా వీధిలోకి కారింది.

"కింద నట్టు నేదేటి?" అంది కళావతి.

"నేకేటి! ఇంటికాడ ఇనప్పెట్టెలో ఉంది. తాళం కూడా ఏసేం."

కళావతి అతణ్ణి చూసింది, కారిన మజ్జిగని చూసింది. తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, తలుపు మూసి, గడియ వేసి, పైన బోల్టూ కింద బోల్టూ కూడా బిగించేసింది.

దాలినాయుడి కళ్ళు చెమ్మగిల్లాయి.

"సూసావేటమ్మా, ఆ పిల్లకెంత జాగర్తో! అచ్చం మనింటి మనిసే. సమ్మంధం కుదిరిపోయినట్టే!"