ఊరుకుంటే పోలా అన్న చిరుత

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవిలో ఒక ఇప్పచెట్టు. ఆ చెట్టు మీద మంగి అనే కొండముచ్చు తన పిల్లతో కాపురం ఉండేది. పిల్ల పేరు బుల్లిగాడు. అల్లరంటే అల్లరా! వాడికి ఇప్పపువ్వంటే ప్రాణం. నేల మీద రాలిన పువ్వు కనిపిస్తే చాలు, అమ్మ పిలిచినా వినిపించుకోడు.

చెట్టు కింద చుక్కల జింకలు మేసేవి. మంగి సగం కొరికి పారేసిన కాయలూ లేతాకులూ వాటికి విందు. అంతే కాదర్రా! తల వంచుకుని మేసే జింకకి పొదల అవతల ఏముందో ఎలా కనపడుతుంది? కనపడదు. మంగి పైనుంచి చూసేది. చిరుత తోక కదిలిందో లేదో, "ఖక్! ఖక్! ఖఖక్!" అని అరిచేది. జింకలు తుర్రుమనేవి. ఇలా చెయ్యమని దానికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళమ్మ అరిచేది, వాళ్ళమ్మమ్మ అరిచేది, ఇదీ అరుస్తోంది.

ఒకనాడు పొద్దున్నే మచ్చలయ్య అనే చిరుత చెట్టు కిందికి వచ్చాడు. నక్కి నక్కి కాదు, దర్జాగా వచ్చి కూర్చున్నాడు! మంగి గబుక్కున బుల్లిగాణ్ణి పొట్టకి కరుచుకుంది.

"కంగారు పడకు మంగమ్మా, ఒక్క మాట చెప్పి పోతాను," అన్నాడు మచ్చలయ్య తేనె పూసిన గొంతుతో. "ఆ జింక చుక్కమ్మ కూతురు బొట్టు లేదూ? కాల్లో ముల్లు దిగి కుంటుతోంది. ఈ మధ్యాహ్నం దానికోసం వస్తాను. నువ్వు అరవకు. నేను నీ బుల్లిగాడి జోలికి జన్మలో రాను."

"అమ్మో! అంత పాపం నేను చెయ్యలేను," అంది మంగి.

"పాపమా? నిన్ను అబద్ధం చెప్పమన్నానా? దాన్ని కొట్టమన్నానా? ఏమీ చెయ్యొద్దన్నాను. ఊరుకుంటే పోలా! ఏమీ చెయ్యనివాళ్ళకి పాపం ఎలా అంటుతుంది?"

మంగి తల తిప్పుకుని బుల్లిగాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది. కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుని మచ్చలయ్య మీసాలు నాకుతూ వెళ్ళిపోయాడు.

ఇక చూడండి దాని అవస్థ! ఒక కొమ్మ మీద కూర్చోలేదు, ఒక ఆకు నమల్లేదు. బుల్లిగాణ్ణి వీపున వేసుకుని మడుగు దగ్గరున్న తాబేలు తాత దగ్గరికి పరుగెత్తింది.

తాత సంగతంతా విని మెడ బయటికి చాచాడు. "చివరికి ఏం మిగులుతుందో చూసుకోవాలే పిల్లా. అరిస్తే చిరుతకి నీ మీద పగ. ఊరుకుంటే నీ కొడుకు నిక్షేపంలా ఉంటాడు. ఇందులో ఆలోచించేదేముంది?"

మంగి మనసు కుదుటపడలేదు. దారిలో నెమలి బావ కనిపిస్తే అతన్నీ అడిగింది.

"అరుస్తానని జింకలకి మాటిచ్చావా?" అన్నాడు నెమలి బావ పింఛం సర్దుకుంటూ.

"లేదు."

"ఒట్టేశావా?"

"అదీ లేదు."

"మరింకేం! ఇవ్వని మాట తప్పేదెలా? హాయిగా పోయి పడుకో."

ఇద్దరు పెద్దలూ తప్పు లేదన్నారు. అయినా మంగికి పడుకోబుద్ధి కాలేదు. ఎందుకో దానికే తెలియలేదు.

మధ్యాహ్నమైంది. ఎండ భగభగ మండుతోంది. బొట్టు కుంటుకుంటూ ఇప్పచెట్టు నీడకి వచ్చింది. వచ్చి ఎక్కడ పడుకుందనుకున్నారు? సరిగ్గా పొద పక్కన!

మంగి ఉండబట్టలేక అడిగింది. "ఒసేయ్ బొట్టూ, కాలు బాగాలేదు, పరుగెత్తలేవు. ఆ పొద పక్కన పడుకున్నావే, నీకు భయం లేదుటే?"

బొట్టు ఆవులించింది. "భయమెందుకు అత్తా? పైన నువ్వున్నావుగా!" అంది. కళ్ళు మూసుకుంది. క్షణంలో నిద్రపోయింది.

మంగికి తల కొట్టేసినట్టయింది. 'మాట ఇవ్వలేదా నేను? రోజూ అరిచాను కదా, అది మాటివ్వడం కాదూ? నన్ను నమ్మి నిద్రపోయిన పిల్లని నోరు మూసుకుని నేనే అప్పగించనా?'

అంతలో పొద వెనక గడ్డి కదిలింది. పసుపు మీద నల్లమచ్చలు! మచ్చలయ్య పైకి చూసి కన్ను గీటాడు. మంగి పక్కన బుల్లిగాడు తోకతో ఆడుకుంటున్నాడు. వాణ్ణి చూసింది. కిందున్న బొట్టుని చూసింది.

"ఖక్! ఖక్! ఖఖఖక్!"

కొమ్మలు ఊపేసింది, గొంతు చిరిగేలా అరిచింది! బొట్టు ఉలిక్కిపడి లేచి మూడు కాళ్ళ మీద ఎగిరి దూకింది. చుక్కమ్మ ఎదురొచ్చి కూతుర్ని మందలోకి తోసేసింది. మచ్చలయ్య పంజా ఖాళీ మట్టిని గీరింది.

"ద్రోహీ! నీ సంగతి చూస్తాను!" అని గర్జించి గడ్డిలోకి మాయమయ్యాడు.

మంగి ఆయాసంతో రొప్పుతూ అతను పోయిన వైపే చూస్తూ ఉంది. ఇటు చూస్తే బుల్లిగాడేడీ? గడుగ్గాయి! ఆ గందరగోళంలో చెట్టు దిగి ఇప్పపువ్వులు ఏరుకుంటున్నాడు! మచ్చలయ్య చెట్టు చుట్టూ తిరిగి, మంగికి కనపడకుండా మోదుగ చెట్టు వెనకనుంచి పొట్ట నేలకానించి వస్తున్నాడు.

"క్యావ్! క్యావ్!"

ఎవరా అరుపు? చుక్కమ్మ! తన మంద అంతా పారిపోతుంటే ఒక్కతే వెనక్కి తిరిగి నిలబడి, ముందు కాలు నేలకేసి టపటపా కొడుతూ అరుస్తోంది! మంగి ఒక్క దూకు దూకింది. బుల్లిగాణ్ణి చెవి పట్టి లాగి, పొట్టకి తగిలించుకుని, పైపైకి సన్నకొమ్మల చివరికి ఎగబాకింది. చిరుత సగం దాకా ఎక్కాడు. కొమ్మ ఫటామని విరిగింది. కింద దబ్బున పడి, నడుం పట్టుకుని పోయినవాడు మళ్ళీ ఆ వైపు రాలేదు.

సాయంత్రం చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చింది. "మంగీ, నీకో మాట చెప్పాలి," అంది తల వంచుకుని. "నిన్న ఆ చిరుత నా దగ్గరికి వచ్చాడు. నీ బుల్లిగాడు కిందికి దిగినప్పుడు నేను అరవకుండా ఊరుకోవాలట. అలా అయితే బొట్టు జోలికి రాడట."

 ఆ వెధవ ఇద్దరికీ ఇదే మాట చెప్పాడన్నమాట!

"మరి నువ్వు ఎందుకరిచావు వదినా?" అంది మెల్లగా.

"నీ వాడు మొన్న నా వీపెక్కి నిద్రపోయాడే," అంది చుక్కమ్మ. ఆ మాట అంటూనే ఏడ్చేసింది. మంగి కిందికి దిగి ఆమె మెడ కౌగిలించుకుంది. బుల్లిగాడు మాత్రం ఒక ఇప్పపువ్వు తెచ్చి బొట్టు నోట్లో పెట్టాడు.

నీతి: మనల్ని నమ్మినవాళ్ళ మీదికి ఆపద వస్తుంటే చూసి ఊరుకోవడం 'ఏమీ చెయ్యకపోవడం' కాదు, ఆ కీడు మనమూ చేసినట్టే.