చిలుక తప్పుపట్టిన పారాయణం

అనగనగా, పిల్లలూ, మీ తాతల తాతలు ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, కుసుమకేతుడనే రాకుమారుడు ఉండేవాడు. ఆయన తుమ్మితే కోటగోడ మూడు గజాలు వెనక్కి జరిగేది. అబద్ధమైతే నా మీసం గొరిగించుకుంటాను.

ఆ లోకంలో అందరికీ ఒకటే గ్రంథం, వెలుగుగ్రంథం. మనుషులకీ అదే, మొసళ్ళకీ అదే, మాంత్రికులకీ అదే. ఎవరు పారాయణం మొదలుపెట్టినా, విన్నవాళ్ళంతా చేతులు జోడించి, అయ్యేదాకా కదలకుండా నిలబడాలి. ఒక్క మాట తప్పుపోతే మళ్ళీ మొదటినుంచి!

ఆ రాకుమారుడి పెళ్ళిలో పెళ్ళికూతురు హేమలేఖను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. అదీ పారాయణం ముగిసేదాకా చేతులు జోడించుకుని ఆగి మరీ ఎత్తుకుపోయాడు. అంత భక్తి వాడికి! పోతూ పోతూ, "పున్నమిలోగా ఇది నన్ను పెళ్ళాడకపోతే రాయిని చేస్తాను" అని అరిచాడు.

రాకుమారుడు తాటిచెట్టంత కత్తి దూసి గుర్రమెక్కాడు. కోటగుమ్మం దగ్గర పూజారి "వెలుగే మొదలు..." అని అందుకున్నాడు. ఏం చేస్తాడు? దిగాడు, నిలబడ్డాడు.

మాంత్రికుడి గుహ చేరాలంటే ఏడు సముద్రాలు దాటాలి, అందుకని మొసలి వీపెక్కాడు. ఏడో సముద్రం నడిమధ్యలో మొసలి "వెలుగే మొదలు..." అంటూ కాళ్ళు జోడించింది. ఇద్దరూ మునిగారు. అడుగున, బురదలో, ఊపిరి బిగబట్టి చివరిదాకా విన్నాడు మా రాకుమారుడు!

ఒడ్డున గండభేరుండ పక్షి ఎదురైంది. దానికి రెండు తలలు. ఒకటి చదువుతుంటే రెండోది తప్పు పట్టేది.

"దేవుడా! నిన్ను తలుచుకోవడానికి వీళ్ళకి ఇదే సమయమా?" అని రాకుమారుడు జుట్టు పీక్కున్నాడు.

ఎలాగో పున్నమినాటికి గుహ చేరాడు. సంకెళ్ళలో ఉన్న హేమలేఖ, "వాడి ప్రాణం ఆ మూలనున్న చిలుకలో ఉంది, మెడ పట్టుకోండి!" అని కేకపెట్టింది. పట్టుకోబోయాడో లేదో, చిలుక "వెలుగే మొదలు..." అంది. ఖర్మ! కత్తి జారవిడిచి చేతులు జోడించాడు.

అప్పుడే మాంత్రికుడు మంత్రదండం ఎత్తి లోపలికి వచ్చాడు. పారాయణం చెవినపడగానే దండాన్ని చంకలో ఇరికించుకుని వాడూ చేతులు జోడించాడు.

అది చూశాడు మా రాకుమారుడు. చదువుతున్నంతసేపూ వీడు కదలడన్నమాట! చిలుక ముగించీ ముగించగానే తనే "వెలుగే మొదలు..." అని ఎత్తుకున్నాడు. కానీ ఆయనకి వచ్చింది మూడు పద్యాలే. నాలుగోది తప్పాడు.

"తప్పు! మళ్ళీ మొదలు!" అంది చిలుక.

మళ్ళీ చదివాడు. మళ్ళీ తప్పాడు. మాంత్రికుడి కాళ్ళు ఏనుగు కాళ్ళంత వాచాయి, గడ్డం గుహ గుమ్మందాకా పెరిగింది.

"ఒరే నాయనా, అక్కడ 'గాలి' కాదురా, 'నీరు'!" అని ఏడ్చాడు వాడు.

"పారాయణంలో మాట్లాడావు. మళ్ళీ మొదలు!" అంది చిలుక.

"నోరుముయ్యవే దిక్కుమాలిన చిలుకా! బాబూ, ఆ పిల్లని తీసుకుపో. ఈ చిలుకనీ తీసుకుపో, నా ప్రాణం నాకే వద్దు! నీ జోలికి రానని గ్రంథం మీద ఒట్టు!"

అప్పుడు హేమలేఖ గొంతు సవరించుకుని, మొత్తం గ్రంథాన్ని ఒక్క తప్పు లేకుండా గడగడా చదివి ముగించింది. మాంత్రికుడు కుంటుకుంటూ వచ్చి ఆమె సంకెళ్ళు విప్పాడు.

"నీకు వచ్చా? ఇంతసేపు చెప్పవేం?" అన్నాడు రాకుమారుడు.

"ముందే ముగిస్తే మనిద్దర్నీ రాళ్ళను చేసేవాడు కదండీ! పదండి ఇక, నా కాళ్ళూ లాగుతున్నాయి."

చిలుకతో సహా ఇంటికొచ్చి పెళ్ళి చేసుకున్నారు. పారాయణం పెళ్ళికూతురే చేసింది, పెళ్ళికొడుకుని నోరెత్తనివ్వలేదు. తర్వాత ఆయన రాజై చాలా కాలం ఏలాడు. ఒక్క యుద్ధమూ జరగలేదు. శత్రుసేన పొలిమేరకు రాగానే, రాజుగారు భుజం మీద చిలుకతో కోటబురుజు ఎక్కి, "వెలుగే..." అనేవారు.

అంతే! చెవులు మూసుకుని, వచ్చిన దారినే పరుగో పరుగు.