చెంగమ్మ వదిలేసిన చేప

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో చెంగమ్మ అని ఒకామె ఉండేది, బంగారూ.

చెంగమ్మకి వలా లేదు, గాలమూ లేదు. ఉన్నదల్లా రెండు చేతులు. ఏటి గట్టుకి, నీళ్ళ అడుగున, బోలెడన్ని కలుగులుండేవి. కలుగంటే ఎలక బొక్కలాంటిదే, కాకపోతే నీళ్ళలో ఉంటుంది. వాటిల్లో మార్పుచేపలు కాపురం ఉండేవి. మార్పుచేప నల్లగా నిగనిగలాడుతుంది. ఒంటికి పొలుసుండదు. మూతికి మాత్రం పిల్లికున్నట్టు ఇంతింత మీసాలుంటాయి.

చెంగమ్మ ఏట్లో దిగి, గడ్డం దాకా మునిగి, చెయ్యి కలుగులోకి దూర్చేది. కళ్ళు మూసుకుని తడిమేది. చేప తగిలిందా, ఒడిసి పట్టి లాగేసేది. "ఆమె చేతికి కళ్ళున్నాయే!" అనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు. ఆ మాట వింటే చెంగమ్మకి కడుపు నిండిపోయేది.

అవతలి గట్టున రవణమ్మ అని ఇంకొకామె ఉండేది. ఆమె కూడా చేత్తోనే చేపలు పట్టేది. ఒకసారి ఇద్దరూ ఒకే కలుగు దగ్గరికొచ్చారు. నాదంటే నాదని జుట్టూజుట్టూ పట్టుకున్నంత పని చేశారు. ఆ తర్వాత మాటల్లేవు. ఎదురుపడితే చెరో దిక్కు చూసేవాళ్ళు.

వానలు మొదలైతే చేపలు భలే దొరికేవి. మిగతా రోజుల్లో చెయ్యి తగలగానే జారుకునే చేప, వానల్లో మాత్రం కలుగు వదిలేది కాదు. ఎదురొచ్చి చేతిని పొడిచేది. ఎందుకు పారిపోవడం లేదని చెంగమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. దొరికింది గదా, చాలు!

అలా పట్టగా పట్టగా ఏట్లో చేపలు తగ్గిపోయాయి. చేపల్లేకపోతే కొంగలేం తింటాయి? అవి వేరే నీళ్ళు వెతుక్కుంటూ ఎగిరిపోయాయి. ఏట్లో ఈదులాడే నీటికుక్కలు కూడా కనపడ్డం మానేశాయి. పై కలుగులన్నీ ఖాళీ. అప్పుడు చెంగమ్మ ఇంకా లోతుకి, ఇంకా ఇరుకు కలుగుల్లోకి చెయ్యి పెట్టడం మొదలెట్టింది.

మొదట ముల్లు దిగింది. మార్పుచేపకి రెక్క దగ్గర విషపు ముల్లుంటుంది. చెయ్యి బూరెలా పొంగింది. వేడినీళ్ళలో చెయ్యి పెట్టుకుని, "ఓరి నాయనో" అని ఒకటే ఏడుపు.

ఆ తర్వాత పాము తగిలింది. చేపే అనుకుని లాగితే చేతికి చుట్టుకుని వచ్చింది. కరిచింది కూడా. విషంలేని నీటిపాము కాబట్టి సరిపోయింది.

అప్పుడు మొగుడు పెంచలయ్య అన్నాడు. "ఇంక చాల్లేమే. ఊత అల్లుకుందాం." ఊతంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. దాంతో కూడా చేపలు పడతారు.

"ఊత పట్టుకు తిరగడానికి నా చేతులేమన్నా పడిపోయినాయా?" అంది చెంగమ్మ. చేతికున్న కట్టు ఊడదీసుకుని మళ్ళీ ఏటికి పోయింది.

అప్పుడే వానలు మొదలయ్యాయి. ఆ రోజు కానుగచెట్టు వేళ్ళ కింద ఒక కలుగు దొరికింది. చెయ్యి భుజం దాకా దూర్చింది. లోపల చేప ఉంది. పెద్దదే! ఇంకాస్త ముందుకి వంగింది. అంతే, గట్టు మట్టి దబ్బుమని జారింది. చెయ్యి వేరుకీ మట్టికీ మధ్య ఇరుక్కుపోయింది. లాగితే రాదు. తిప్పితే తిరగదు.

ఆ పైన ఎక్కడో కొండల్లో వాన పడింది కాబోలు, ఏరు ఎర్రగా పొంగడం మొదలెట్టింది. నీళ్ళు గొంతు దాకా ఉన్నవి గడ్డం దాకా వచ్చాయి. "ఎవరన్నా రాండయ్యో!" అని చెంగమ్మ కేకలు పెట్టింది. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

కలుగులో చేప మాత్రం ఆమె అరచేతిని పొడుస్తూనే ఉంది. ఒకసారి, ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. అప్పుడు చెంగమ్మ వేళ్ళకి ఏదో తగిలింది. ఉడికిన సగ్గుబియ్యంలాగా, మెత్తగా, జిగటగా. ఇంతకుముందు ఎన్నోసార్లు తగిలిందది. చీ, బంకమట్టి అని కడిగేసుకునేది. ఇప్పుడు చెయ్యి కదలదు గనక, మెల్లగా వేళ్ళతో తడిమింది. గుడ్లు! చెట్టు వేళ్ళకి గుత్తులు గుత్తులుగా అంటుకున్న చేపగుడ్లు!

"అయ్యో తల్లీ," అనుకుంది చెంగమ్మ. "నువ్వు పారిపోంది ఇందుకా?"

అది తల్లి కాదు బంగారూ, తండ్రి. మార్పుచేపల్లో గుడ్లకి తండ్రే కాపలా ఉంటాడు. ఆ కాపలా చేపని పట్టేస్తే గుడ్లు దిక్కులేనివైపోతాయి. చిన్నాచితకా చేపలొచ్చి తినేస్తాయి. చెంగమ్మ ఇన్నేళ్ళూ ఒక్కో చేపని కాదు, ఒక్కో కాపురాన్నే ఖాళీ చేసింది. అది తెలిసేసరికి నీళ్ళు పెదాల దాకా వచ్చేశాయి.

అవతలి గట్టున రవణమ్మ బర్రెకి గడ్డి కోస్తూ ఉంది. తల ఎత్తి చూసింది. నీళ్ళ మీద ఒక తల, ఒక చెయ్యి! పాత గొడవ గుర్తొచ్చిందో రాలేదో గానీ, కొడవలి నోట కరుచుకుని ఏట్లో దూకేసింది. ఈదుకుంటూ వచ్చి, ఒక చేత్తో చెంగమ్మ గడ్డం పైకెత్తి పట్టుకుంది.

"ఊపిరి బిగబట్టు మే! నేనుండాగా!"

మునిగి మట్టి తవ్వింది. పైకొచ్చి ఊపిరి పీల్చింది. మళ్ళీ మునిగి వేరు కోసింది. చివరికి వేరు తెగింది. చెంగమ్మ చెయ్యి బయటికొచ్చింది. ఇద్దరూ గట్టు మీద బోర్లా పడి, ఆయాసపడుతూ చాలాసేపు అట్లాగే ఉండిపోయారు.

ఆ తర్వాత రవణమ్మ అడిగింది. "లోపల చేపుందా?"

"ఉండాది."

"ఉండు, పట్టుకొస్తా."

చెంగమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "వద్దు రవణక్కా. దానికి పిల్లలుండాయి."

రవణమ్మ ముందు నవ్వింది. చెంగమ్మ తన అరచెయ్యి చాపింది. దానికి గుడ్లు ఇంకా అంటుకునే ఉన్నాయి. రవణమ్మ వాటికేసి చూసి, నవ్వు ఆపేసింది.

ఇద్దరూ కలిసి ఊరందరికీ చెప్పారు. వానలు మొదలైనప్పుడు కలుగుల్లో చెయ్యి పెట్టొద్దు, పిల్లలు ఈదుకుంటూ బయటికొచ్చేదాకా ఆగుదాం అని. ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేశారు. "చెయ్యి ఇరుక్కుంది, బుద్ధి కూడా ఇరుక్కుందా?" అన్నారు. ఇంకొందరు, "అప్పటిదాకా ఏం తినమంటావు?" అన్నారు. అది సరైన మాటే గదా! అప్పుడు పెంచలయ్య వెదురు చీల్చి ఊతలు అల్లాడు. గొణుక్కుంటూనే ఊళ్ళోవాళ్ళు కలుగుల జోలికి పోకుండా, కాలవల్లో ఎండ్రకాయలు పట్టుకున్నారు. నత్తలేరుకున్నారు. కొన్నాళ్ళు కూర పలచబడింది, అంతే.

ఆ ఏడు పెద్దగా ఏం కాలేదు. మరుసటేడు గట్టు మీద ఒక కొంగ వాలింది. ఒకటంటే ఒకటే. దాన్ని చూసి ఎగతాళి చేసినవాళ్ళే అరుగుల మీద కూచుని, "కొంగొచ్చిందంట" అని చెప్పుకున్నారు.

ఆ పై ఏడు వానలకి ఏటి నీళ్ళు వరిమళ్ళలోకి ఎక్కాయి. చెంగమ్మా రవణమ్మా మోకాలి లోతు నీళ్ళలో నాటు వేస్తున్నారు. ఉన్నట్టుండి రవణమ్మ, "కదలమాకు మే!" అంది మెల్లగా.

నీళ్ళలో ఒక నల్లమబ్బు కదిలొస్తోంది. మబ్బు కాదు, మార్పుపిల్లలు! మీసాలు కూడా సరిగా మొలవని బుల్లి బుల్లి పిల్లలు, వేలకి వేలు. చెంగమ్మ నారు కట్ట చేతిలో పట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడింది. పిల్లలన్నీ ఆమె కాళ్ళ చుట్టూ చక్కిలిగిలి పెడుతూ, వరి దుబ్బుల మధ్యలోకి వెళ్ళిపోయాయి. ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అంతే, బంగారూ. ఇంక కళ్ళు మూసుకో.

చేప పోయె ఏటికి,
కొంగ పోయె గూటికి,
కథ పోయె కంచికి,
కునుకు రావె కంటికి.